దీనబంధు ఆండ్రూస్: ఇరుపక్షముల మధ్య నిలిచిన సేవకుడు

సంఘములలో తగవు పుట్టినప్పుడు మనము చేయు పని అందరికిని తెలిసినదే. పెద్దలను పిలుతుము, ఇరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టుదుము, చేతులు కలిపించి ప్రార్థన చేసి పంపుదుము. నెల తిరుగకముందే ఆ తగవు మరల తలయెత్తును. నష్టపడినవానికి ఏమి నష్టము జరిగెనో, అది ఎట్లు తీరునో ఎవరును అడుగకపోవుటయే దీనికి కారణమని మా అభిప్రాయము. ఆ ప్రశ్నను మొదట అడిగిన మధ్యవర్తి చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ గారు. కావున ఈ శతవార్షిక సంచికలో ఆయన జీవితమును గూర్చి కొంత వ్రాయ తలచితిమి.

ఆండ్రూస్ గారు 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణములో జన్మించిరి. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖకు బోధకుడు. తల్లికి సంక్రమించిన ఆస్తిని నమ్మకముగా కాపాడవలసిన కుటుంబ స్నేహితుడే దానిని సట్టా వ్యాపారములో పోగొట్టెను. ఇంటికి బీదరికము వచ్చెను. ఆ సంగతి తెలిసిన సాయంకాలము కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ స్నేహితుని కొరకే ప్రార్థించెను. ఆ ప్రార్థనను కుమారుడు జీవితాంతము మరువలేదు.

కేంబ్రిడ్జిలో చదివి, గురువుగా అభిషేకము పొంది, 1904లో ఆయన ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చిరి. 1906లో ప్రిన్సిపాలు పదవి ఖాళీ కాగా, అది భారతీయుడైన సుశీల్ కుమార్ రుద్ర గారికే ఈయవలెనని గట్టిగా నిలిచిరి. రుద్ర గారు ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలు అయిరి.

ఆయన మధ్యవర్తిత్వమునకు పెద్ద పరీక్ష దక్షిణాఫ్రికాలో వచ్చెను. నేటాలు చెరకు తోటలకును బొగ్గు గనులకును మన దేశమునుండి కరారు కూలీలను ఓడలలో తీసికొనిపోయిరి. మద్రాసు రేవున ఓడ ఎక్కినవారిలో విశాఖపట్నము, గంజాం జిల్లాల తెలుగువారును అనేకులు. కరారు తీరిన తరువాత తిరిగి పోకయు, మరల కరారు వ్రాయకయు అక్కడనే నిలిచినవారు ఏటేట 3 పౌండ్ల పన్ను కట్టవలెనని 1895లో శాసనము చేసిరి. కరారు కూలీకి మొదటి ఏట నెల జీతము 10 షిల్లింగులు. 3 పౌండ్లనగా ఆరు నెలల జీతము! భార్యకును, ఎదిగిన పిల్లలకును వేరువేరుగా అదే పన్ను. ఇది చాలదన్నట్లు, బహుభార్యాత్వమునకు చోటిచ్చు మతముల ప్రకారము జరిగిన వివాహములు అక్కడ చెల్లవని 1913లో ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పెను. ఆ సంవత్సరము వేలాది కూలీలు పని మానిరి. గాంధీగారు చెరసాలకు వెళ్లిరి.

గోఖలే గారి కోరికపై ఆండ్రూస్ గారు, స్నేహితుడైన పియర్సన్ గారితో కూడ, 1914 జనవరి మొదటి వారములో డర్బనులో ఓడ దిగిరి. దిగుచునే వంగి గాంధీగారి పాదములు తాకిరి. ఒక ఆంగ్లేయుడు, అందునా గురువు, భారతీయుని పాదములు తాకుట అక్కడి తెల్లవారికి తలవంపుగా తోచెను. మధ్యవర్తి ఏ పక్షమును చేరకూడదని మనము సాధారణముగా అందుము. ఆయన మాత్రము దెబ్బతిన్నవారి పక్షమున మొదట నిలిచి, తన జాతి చేసిన తప్పును తన మీద వేసికొని, ఆ పిమ్మటనే అధికారుల తలుపు తట్టిరి. ఆయన మాటకు రెండు వైపులను విలువ కలుగుటకు ఇదియే కారణమని మేము తలంచుచున్నాము.

ఆ నెలంతయు ఆయన జనరల్ స్మట్స్ గారి యొద్దకును, గవర్నరు జనరల్ యొద్దకును, గాంధీగారి యొద్దకును తిరుగుచుండిరి. అదే సమయమున తెల్ల రైల్వే పనివారు సమ్మె కట్టగా, ప్రభుత్వపు ఇబ్బందిని ఆసరాగా తీసికొనుట ఇష్టములేక గాంధీగారు తమ యాత్రను ఆపివేసిరి. స్మట్స్ గారి మనస్సు మెత్తబడుటకు అదియు తోడ్పడెను. తుదకు చర్చ ఒక్క మాట దగ్గర నిలిచిపోయెను. కస్తూరిబాయి గారి జబ్బు ముదిరినదని తంతి వచ్చినను, ఒడంబడిక కానిదే కదలనని గాంధీగారు కూర్చుండిరి. రాత్రి చాల ప్రొద్దుపోయిన తరువాత ఆండ్రూస్ గారు ఆ మాటకు బదులు వేరొక మాట సూచింపగా గాంధీగారు సమ్మతించిరి. తెల్లవారగానే ఆయన దానిని స్మట్స్ గారి యొద్దకు కొనిపోయిరి. స్మట్స్ గారును అంగీకరించిరి. ఆ జనవరిలోనే ఇంగ్లాండులో ఆయన తల్లి మరణించెను. కడసారి చూపు ఆయనకు దక్కలేదు.

ఆ ఏడే వచ్చిన చట్టము 3 పౌండ్ల పన్నును కొట్టివేసి, భారతీయ వివాహములకు గుర్తింపు నిచ్చెను. భూమి కొనుట, వ్యాపారపు లైసెన్సులు, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవుట అను చిక్కులు అట్లే నిలిచినవి. ఆ దేశపు నల్లజాతివారి మాట ఆ ఒడంబడికలో లేనేలేదు. ఈ సంగతిని మనము దాచకూడదు.

1915లో ఆయన ఫిజీ ద్వీపములకు వెళ్లిరి. 1879 మొదలు 1916 వరకు సుమారు 60,000 మంది కరారు కూలీలు అక్కడికి చేరిరి. ఆయన కూలీల లైనులకు పోయి వారి కష్టములను వారి నోటనే వినిరి, తోటల దొరలతోను మాటలాడిరి. 1916లో వెలువడిన ఆ నివేదిక కరారు పద్ధతి మీద గొడ్డలి పెట్టాయెను. 1917లో కూలీలను చేర్చుకొనుట నిలిచిపోయెను. 1920 జనవరి 1వ తేదీన మిగిలిన కరారులును రద్దయ్యెను. దీనబంధు అను పేరు ఆయనకు నిలిచినది ఇట్టి సేవవలననే.

ప్రతి చోటను ఆయన పని ఫలించలేదు. 1921 మే నెలలో అస్సాము తేయాకు తోటలు విడిచి స్వగ్రామములకు బయలుదేరిన కూలీలు చాంద్‌పూరులో చిక్కుకొనిరి. రాత్రివేళ రైలు స్టేషనులో గూర్ఖా సిపాయిలు వారిని కొట్టి వెళ్లగొట్టిరి. తరువాత కలరా వచ్చెను. ఆండ్రూస్ గారు వెళ్లి రోగులకు పరిచర్య చేసి, వారి ప్రయాణపు ఖర్చు భరింపుడని బెంగాలు ప్రభుత్వమును బతిమాలిరి. యజమానులకును కూలీలకును మధ్య తాము తటస్థులమని చెప్పి ప్రభుత్వము నిరాకరించెను. తటస్థత అను మాటను అడ్డము పెట్టుకొని బలవంతుని పక్షము వహించుట ఎట్లో ఇంతకంటె స్పష్టముగా చూపు సంగతి మేమెరుగము. ఆ కూలీలు తుదకు ప్రజలిచ్చిన చందాలతో ఇండ్లకు చేరిరి.

తరువాత ఆయన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైరి. వివాహము చేసికొనలేదు, శాంతినికేతనమే ఇల్లాయెను. 1940లో కలకత్తా ఆసుపత్రిలో ఉండగా గాంధీగారు వచ్చి చూచి వెళ్లిరి. ఏప్రిల్ 5వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానమున ఆయన సమాధి ఉన్నది.