చార్లెస్ డికెన్సు – ఒక పేరు విశేషణమైన కథ

భగీరథప్రయత్నము, కుంభకర్ణనిద్ర అను పలుకులు మన యిండ్లలో నిత్యము వినబడుచుండును. ఇవి కథలలోని వారి పేర్లు. కథ వ్రాసినవాని పేరే మాటగా మారుట అరుదు. మన పండితులు బ్రౌను దొరగారి నిఘంటువును బ్రౌణ్యమనుట కొంత యట్టిదే. ఆంగ్లమున డికెన్సియన్ అను విశేషణము మరియొకటి. ఇరుకు గదులు, ఆకలిగొన్న బిడ్డలు, కనికరము లేని యజమానులు ఉన్న తావులను వర్ణించుటకు ఆ భాషవారు నేటికిని ఈ మాటను వాడుచున్నారు. ఆ పేరు గలవాని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

చార్లెస్ డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. మంచివాడే కాని, రాబడికి మించి వ్యయము చేయువాడు. 1824లో అప్పు తీర్పలేక లండనులోని మార్షల్సీ చెరసాల పాలయ్యెను. అప్పటికే చదువు ఆగిపోయిన చార్లెసును 12 ఏండ్ల ప్రాయమున థేమ్సు నదీతీరమునందలి యొక బూట్ల నల్లరంగు కార్ఖానాలో పనికి పెట్టిరి. ఎలుకలు తిరుగు ఆ పాతకొంపలో దినమునకు 10 గంటలు కూర్చుండి, రంగుబుడ్లకు కాగితము చుట్టి, దారము కట్టి, కార్ఖానా పేరు గల చీటీలను అంటించుటయే అతని పని. కూలి వారమునకు 6 షిల్లింగులు. తల్లియు చిన్నపిల్లలును చెరసాలలో తండ్రియొద్దనే యుండగా, ఈ బాలుడు పరుల యింట అద్దెకుండెను.

కొన్ని నెలలకు తండ్రి విడుదలయ్యెను. పిల్లవాడు పనిలోనే యుండుట మేలని తల్లి తలచెను. తండ్రి బడికి పంపెను. తల్లి తలపును డికెన్సు జన్మాంతము మరువలేకపోయెను. పిదప అతడు వకీలు గుమాస్తాయై, షార్టుహ్యాండు నేర్చి, పార్లమెంటు ప్రసంగములను వ్రాసికొను విలేఖరియై, 1836లో పిక్విక్ పేపర్సును భాగములుగా ప్రకటింప నారంభించి ప్రసిద్ధి కెక్కెను. ఆలివర్ ట్విస్టులో అనాథబాలుని ఆకలిని, నికొలస్ నికల్బీలో బిడ్డలను హింసించు బడిని, లిటిల్ డోరిట్‌లో తన తండ్రి యుండిన చెరసాలనే చిత్రించెను. 1843లో వెలువడిన క్రిస్మస్ కథలోని స్క్రూజి పేరు సైతము ఆంగ్లమున పిసినారికి మారుపేరైనది.

ఇంత వ్రాసియు, తన చిన్ననాటి కూలిబ్రతుకును లోకమునకు తెలియనీయలేదు. డేవిడ్ కాపర్‌ఫీల్డు అను నవలలో వేరొక బాలుని కథగా మరుగుపరచి చెప్పెను. 1870 జూన్ 9న అతడు మృతినొందిన తరువాత, స్నేహితుడైన జాన్ ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్రము వలననే పాఠకులకు నిజము తెలిసెను.

ఏ దురవస్థపై అతడు కలము పట్టి పోరాడెనో, దానికే అతని పేరు వచ్చినది. ఇది అన్యాయమని కొందరనవచ్చును. మేమట్లు తలపము. ఆ దుఃఖమును చూచియు చూడనట్లుండినవారు పెక్కండ్రు. దానికొక పేరు కలిగిన పిమ్మట చూడలేదనుట కష్టమయ్యెను. పరుల పేరును రంగుబుడ్లకు అంటించిన ఆ చిన్నచేతులే, పెరిగి పెద్దవై, లోకపు నిర్దయకు తన పేరునే చీటీగా అంటించి పోయినవి. బడి మాని కూలికి పోవు బాలుడు మన వీధిలో అగుపడినప్పుడు, ఆ పేరును మా విద్యార్థులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.