డిగ్రీ పట్టా లేకుండా తిరిగొచ్చిన కొడుకు



పిల్లల పైచదువు మాట రాగానే ఇప్పుడు మన ఇళ్ళల్లో మొదట వినిపించేది ఏదో ఒక దేశం పేరు. ఫీజు ఎంత, లోన్ ఎంత, వీసా ఎప్పుడు, ఉద్యోగం వస్తుందా అని లెక్కలు వేసుకుంటాం. వేసుకోవాలి కూడా. కానీ పరాయి దేశం పిల్లలకు డిగ్రీ కాక ఇంకా ఏమిస్తుందన్నది ఆ లెక్కల్లోకి రాదు. అందుకే ఈ నెల మీకు ఒక తెలుగు వకీలు గారి అబ్బాయి కథ చెప్పాలనిపించింది.

ఆ అబ్బాయి వరాహగిరి వెంకటగిరి. మనందరికీ వి.వి.గిరిగా, మన నాలుగో రాష్ట్రపతిగా తెలుసు. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది. కొడుకు కూడా న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండ్‌లోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు.

ఆ వయసు కుర్రాడికి అక్కడ ఏం కనిపించి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. తెల్లవాళ్ళంటే మనల్ని ఏలేవాళ్ళు అనుకుంటూ పెరిగిన తరం అది. డబ్లిన్‌లో చూస్తే తెల్లవాళ్ళ మీదే తెల్లవాళ్ళు పెత్తనం చేస్తున్నారు. ఐర్లండ్‌కూ మనకూ రాజు ఒక్కడే, పార్లమెంటూ ఒక్కటే. 1840లలో అక్కడ బంగాళాదుంప పంట కుళ్ళిపోయి దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఆ కరువులోనూ ఆ దేశం నుంచి తిండి పదార్థాలు ఓడల్లో బయటికి వెళ్ళాయి. ఇటు 1866 కరువు ఒడిశాతో పాటు గంజాం జిల్లానూ పీడించింది. మన ఊరి బాధ మన ఊరికే పరిమితం కాదని పాఠ్యపుస్తకం చెప్పలేకపోవచ్చు. మరో దేశంలో నాలుగు రోజులు ఉంటే అది తెలిసిపోతుంది.

ఆయన వెళ్ళిన ఏడాదే డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ జరిగింది. యూనియన్‌లో చేరారన్న కోపంతో యజమానులు గేట్లు మూసేస్తే దాదాపు ఇరవై వేల మంది కూలీలు నెలల తరబడి పస్తులున్నారు. వారి పక్షాన నిలిచిన జేమ్స్ కానలీ ప్రభావం గిరి గారి మీద గాఢంగా పడింది. అక్కడి భారతీయ విద్యార్థులతో కలిసి, దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు పడుతున్న బాధల మీద కరపత్రం వేశారు. దాంతో పోలీసుల కన్ను వాళ్ళ మీద పడింది.

1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ పండుగ వారంలో, డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. వారం తిరక్కుండానే దాన్ని అణచేశారు. గిరి గారు చదివిన కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన కవి థామస్ మాక్‌డొనా గారిని మే 3న కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కానలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. జూన్ 1న గిరి గారి చేతికి నోటీసు వచ్చింది. నెలలోగా దేశం విడిచి వెళ్ళిపోవాలి. జూన్ 21న బారిస్టరుగా పేరు నమోదైంది కానీ, బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు.

ఇప్పుడు మీరు ఆ తల్లిదండ్రుల స్థానంలో ఉండి ఆలోచించండి. మూడేళ్ళ ఖర్చు, మూడేళ్ళ ఎదురుచూపు. చివరికి కొడుకు డిగ్రీ లేకుండా, పోలీసు నోటీసుతో ఇంటికొచ్చాడు. మన లెక్కలో దీన్ని లాభం అంటామా?

మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1920లో దాన్నీ వదిలి సహాయ నిరాకరణలో చేరారు. తర్వాత రైల్వే కార్మికుల్ని కూడగట్టారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో తొలగించిన కార్మికుల కోసం సమ్మె నడిపించి, ఎక్కడా హింస లేకుండా నెగ్గించారు. డబ్లిన్‌లో మూసిన గేట్ల ముందు చూసినదాన్ని ఆయన మన పట్టాల పక్కన బతికే వాళ్ళకు పనికొచ్చేలా మలిచారు. 1937లో బొబ్బిలి రాజా మీద పోటీచేసి గెలిచి, మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదిలేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

తల్లి సుభద్రమ్మ గారి మాట కూడా చెప్పుకోవాలి. శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం ఆందోళన నడిపి ఆమె కూడా అరెస్టయ్యారు. కొడుకు మారి వచ్చాడని తలుపు వేసుకున్న ఇల్లు కాదది.

రేపు మీ అబ్బాయో అమ్మాయో విదేశం నుంచి వీడియో కాల్ చేస్తే తిన్నావా, మార్కులెన్ని అని తప్పకుండా అడగండి. దాంతోపాటు అక్కడివాళ్ళ చరిత్రలో ఏం తెలుసుకున్నావు, అది తెలిశాక మన ఊరు నీకు ఎలా కనిపిస్తోంది అని కూడా అడగండి. జవాబు మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. అయినా ఓపికగా వినండి.