కలత చెందిన కీర్తనకారుడు: విలియం కూపరు

ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చిన కీర్తన మన సంఘములలో తెలియనివారు అరుదు. దానిని మొదట ఆంగ్లమున వ్రాసినవాడు విలియం కూపరు. ఆ కీర్తనలోని నిబ్బరమును చూచి, ఆయన ఎంతో నెమ్మది గల మనుష్యుడై యుండునని మనము తలంచుదుము. కాని ఆయన తన జీవితములో అధిక భాగము భయముతోను దిగులుతోను పెనుగులాడినవాడు. అట్టి మనిషి అరువది యెనిమిది ఏండ్లు ఎట్లు బ్రదికెనో, తన దినములను దేనితో నింపుకొనెనో తెలిసికొనుట మనకు మేలు.

ఆయన 1731లో ఇంగ్లాండులోని బెర్కమ్‌స్టెడ్ అను ఊరిలో పుట్టెను. తండ్రి ఆ ఊరి దేవాలయపు గురువు. ఆరేండ్ల వయస్సులోనే తల్లి చనిపోయెను. తరువాత పంపబడిన బడిలో ఒక పెద్ద పిల్లవాడు ఆయనను మిక్కిలి హింసించెడివాడు. వాని ముఖమువైపు కన్నెత్తి చూచుటకైనను ధైర్యము చాలక, వాని చెప్పులకుండు బకిల్సును బట్టి ఫలానావాడు వచ్చుచున్నాడని గుర్తించెడివాడట. ఆ బెదురు ఆయనను ఎన్నడును పూర్తిగా విడిచిపెట్టలేదు.

పెద్దవాడై లండనులో న్యాయశాస్త్రము చదివెను. 1763లో బంధువొకరి పలుకుబడి వలన ప్రభువుల సభలో ఒక మంచి ఉద్యోగము దొరకుటకు అవకాశము కలిగెను. అయితే దానికొరకు సభవారి యెదుట నిలిచి పరీక్ష నీయవలసి యుండెను. నెలల తరబడి ప్రతిదినము ఆ కచేరికి పోయి పుస్తకములు తిరుగవేసెను గాని ఒక్క ముక్కయు తలకెక్కలేదు. పరీక్ష దగ్గరపడిన కొలది మతి చలించి, తన ప్రాణము తానే తీసికొనుటకు ప్రయత్నించెను. దేవుని దయవలన ఆ ప్రయత్నము తప్పిపోయెను. బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టరు నతానియేలు కాటన్ అను ఓర్పుగల వైద్యునియొద్ద ఉంచిరి. అక్కడనే 1764లో రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము చదువుచుండగా క్షమాపణ నిశ్చయత కలిగి, ఆయన సంతోషముతో ఏడ్చెను.

తరువాత అన్విన్ అను గురువుగారి కుటుంబము ఆయనను తమ యింట చేర్చుకొనెను. 1767లో ఆ గురువుగారు గుఱ్ఱముపైనుండి పడి మరణింపగా, ఆయన భార్య మేరీ అన్విన్, కూపరు ఓల్నీ అను చిన్న పట్టణమునకు వచ్చి కాపురముండిరి. అది లేసు అల్లి పొట్టపోసికొను బీదల ఊరు. మన నరసాపురం ప్రాంతపు స్త్రీలకు ఆ బ్రదుకు సంగతి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడై యుండిన జాన్ న్యూటన్ అక్కడ గురువు. ఇద్దరును కలిసి తమ సంఘముకొరకు కీర్తనలు వ్రాయసాగిరి. 1779లో అచ్చయిన ఆ పుస్తకములో 348 కీర్తనలున్నవి. వానిలో సుమారు 67 కూపరువి.

అయితే అది పూర్తిగాక ముందే, 1773 ఆరంభమున, జబ్బు తిరుగబెట్టెను. దేవుడు తన్ను త్రోసివేసెనని ఆయనకు ఒక కల వచ్చెను, ఆ తలంపు మరల పోలేదు. అంత చక్కని కీర్తనలు వ్రాసినవాడు అది మొదలు దేవాలయమునకు పోలేదు. ప్రార్థించుటకును తనకు హక్కు లేదనుకొనెను.

ఇట్టివారిని చూచి విశ్వాసము చాలలేదని తీర్పు తీర్చువారు మన సంఘములలో కొందరున్నారు. నేను దానికి ఒప్పుకొనను. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పడుకొనగా, దేవదూత ఆయనను గద్దింపలేదు; రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. కూపరుకు కలిగినది మనోవ్యాధి. ఈనాడు దానికి వైద్యులున్నారు, మందులున్నవి. ఇంటిలో ఎవరికైనను అట్టి స్థితి కలిగినయెడల ప్రార్థనతోపాటు ఆసుపత్రికిని తీసికొని పోవలెను. ఆయన కాలమున అట్టి వైద్యము లేదు.

మరి ఆయనకు ఏమి దొరికెను? 1774లో పొరుగింటి పిల్లలు ఒక అడవి కుందేలు పిల్లతో ఆడుకొని విసిగిపోగా, వారి తండ్రి దానిని కూపరుకు ఇచ్చెను. సంగతి తెలిసి ఊరివారు మరికొన్ని తెచ్చిరి. ఆయన మూడింటిని ఉంచుకొని పుస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టెను. వాటికి వేరువేరు గదులుగల గూడు తన చేతులతోనే కట్టెను. ప్రతిదినము శుభ్రపరచి, మేత వేసి, సాయంకాలము ముందుగదిలో తివాచీపై ఆడుకొనుటకు విడిచెడివాడు. పుస్‌కు జబ్బుచేసినప్పుడు మూడు దినములు దగ్గరనుండి కనిపెట్టెను. అది కోలుకొని ఆయన చేతిని అరచేయి, వెనుకప్రక్క, వ్రేళ్ల సందులు కూడ విడువక నాకెను. అది మొదలు తోటలోనికి తీసికొని పొమ్మని ఆయన మోకాలిమీద ముందుకాళ్లతో తట్టి, అప్పటికిని కదలనియెడల కోటు అంచు పట్టి లాగెడిది. టైనీ మాత్రము ఎన్నడును మచ్చిక కాలేదు. నిమిరినచో గుఱ్ఱుమని మీదికి దుమికెడిది. అయినను దాని మేతకు లోపము చేయలేదు.

ఇంట పాడిగేదె ఉన్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మనకెంత దిగులున్నను తెల్లవారగానే గడ్డి వేయక తప్పదు, పాలు పితుకక తప్పదు. కూపరు మనస్సును వాదించి ఒప్పించుట ఎవరి తరము కాలేదు. న్యూటన్ వంటి బోధకుడే ప్రయత్నించి ఓడిపోయెను. కుందేలు ఆయనతో వాదింపలేదు, సాయంకాలమునకు ఆకులు మాత్రమే కోరినది.

గూళ్లతో మొదలై వడ్రంగము పట్టుబడెను. బల్లలు, పీటలు, పక్షుల పంజరములు చేసెను. తరువాత తోట. పేడ ఎరువు కుప్పవేసి, దాని వేడిమిపై అద్దపు పలకలు కప్పి, ఆ చలిదేశములో దోసకాయలు, ఖర్బూజాలు కాయించెను. అద్దములు బిగించుట కూడ తానే నేర్చుకొనెను. రోజూ నడకకు పోవుట, స్నేహితులకు ఉత్తరములు వ్రాయుట, సాయంకాలము మేరీ అన్విన్ అల్లిక పని చేసికొనుచుండగా ప్రయాణముల పుస్తకమొకటి పైకి చదువుట, స్త్రీలకొరకు దారపు ఉండలు చుట్టి పెట్టుట. ఇట్లు ప్రతి గంటకును ఒక పని.

1780 చలికాలములో పెద్ద పద్యములు వ్రాయుమని మేరీ ప్రోత్సహించెను. అట్లు మొదలైన పని వలన 1785లో ‘ది టాస్క్’ అను కావ్యము వెలువడి ఆయన దేశప్రఖ్యాతి పొందెను. తరువాత హోమరును తర్జుమా చేయుటకు కూర్చుండి రోజుకు నలభై పంక్తులని హద్దు పెట్టుకొనెను. 1791లో అది అచ్చయ్యెను.

ఈ అలవాట్లు ఆయన జబ్బును నయము చేసెనని నేను చెప్పను. 1787లో అది మరల వచ్చి నెలల తరబడి మంచము పట్టించెను. మేరీకి పక్షవాతము వచ్చినప్పుడు, అంతవరకు సేవ పొందినవాడే సేవచేయువాడయ్యెను. 1794 నాటికి ఆయనయు కూలిపోయెను. జాన్ జాన్సన్ అను చిన్నవయస్సు బంధువు వారిద్దరిని 1795లో నార్ఫోక్‌నకు తీసికొనిపోయి కనిపెట్టుచుండెను. 1796 డిసెంబరులో మేరీ మరణించెను.

జాన్సన్ ఆయనకు ధైర్యవచనములు చెప్పి చూచెను, లాభము లేకపోయెను. అప్పుడు హోమరు తర్జుమాను, దిద్దుట ఎక్కడ ఆగిపోయెనో సరిగా అక్కడ తెరచి ఆయన ముందుంచెను. కూపరు మరల దిద్దుట మొదలుపెట్టెను. 1799 మార్చిలో ఆ పని ముగించెను. ఆ మరుసటి సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన ఈస్ట్ డెరెమ్ పట్టణములో కన్నుమూసెను.