ఆయిలరు

లెయొనార్డు ఆయిలరు 1707వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందలి బాసెలు నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడును అట్టివాడే కావలెనని తలంచెను. కాని బాలుని మనస్సు గణితమందే లగ్నమయ్యెను.

పూర్వము ఫెర్మా యను ఫ్రెంచి పండితుడు 3, 5, 17, 257, 65537 అను ప్రధానసంఖ్యల వరుసను గాంచెను. ఒక్కొక్కదానినుండి 1 తీసివైచి, శేషమును వర్గముచేసి 1 కలిపిన తరువాతిది వచ్చును. ఇట్లు వచ్చు 4294967297 కూడ ప్రధానసంఖ్యయే యని అతడు నమ్మెను. అంతటివాని మాట యగుటచే అది చిరకాలము నిలిచెను. 1732లో, ఇరువదియైదేండ్ల ఆయిలరు దానిని 641చే నిశ్శేషముగ భాగించి, 6700417 లబ్ధమని చూపెను.

పిదప కన్నులు రెండును చెడినను అతని గణనము ఆగలేదు. 1772లో 2147483647 ప్రధానసంఖ్య యని నిరూపించెను. 1783లో పరమపదించెను. ఎంతటివారి మాటయైనను పరీక్షించియే గ్రహింపవలెనని ఈ చరిత్రము మనకు దెలుపుచున్నది.