పొర ఉన్న క్రిమి, పొర లేని క్రిమి: ఫ్రెడరిక్ గ్రిఫిత్ జీవితం

సూరత్ నుంచి ముంబయి వైపు సాగే రైలుమార్గంలో ఉధ్నా దాటితే భేస్తాన్ స్టేషన్ వస్తుంది. నూలు, రంగు, మరమగ్గాల చప్పుడు కలగలిసిన ఈ నగరంలో తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా కాపురముంటున్నాయి. ఇక్కడ పుట్టిన బిడ్డకైనా, కరీంనగర్‌లో పుట్టిన బిడ్డకైనా ఇవాళ 6 వారాలకు, 14 వారాలకు, మళ్ళీ 9వ నెలలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో న్యుమోకాకస్ టీకా ఉచితంగా వేస్తారు. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన ఈ టీకా 2021లో దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. న్యుమోనియాను, అంతకన్నా భయంకరమైన మెదడు పొరల వాపును, అంటే మెనింజైటిస్‌ను, కలిగించే క్రిమికి అది అడ్డుకట్ట.

అయితే ఆ టీకా న్యుమోకాకస్ జాతి మొత్తంపై గురిపెట్టదు. ఆ క్రిమిలో వందకు పైగా రకాలున్నాయి. వాటిలో ఎంపిక చేసిన కొన్నింటినే టీకా ఎదుర్కొంటుంది. ఒకే పేరు గల క్రిమి ఒక బిడ్డ ముక్కులో ఏ హానీ చేయకుండా నెలల తరబడి ఉండిపోవడం, మరొక బిడ్డను రెండు రోజుల్లో మృత్యుముఖానికి చేర్చడం ఎందుకు జరుగుతుంది? రోగి వయసు, ఒంట్లోని సత్తువ కొంత కారణం. క్రిమి రకం మరొక కారణం. ఈ రెండో సంగతిని తేల్చడానికి జీవితమంతా వెచ్చించిన వారిలో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ గ్రిఫిత్ ముఖ్యుడు.

లాంకషైర్‌లోని హేల్ గ్రామంలో 1870ల చివర గ్రిఫిత్ జన్మించాడు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1901లో పట్టా పొందాడు. రోగుల మంచాల పక్కన కాక ప్రయోగశాల బల్ల దగ్గరే కుదురుకున్నాడు. క్షయపై ఏర్పాటైన రాయల్ కమిషన్‌లో కొన్నాళ్ళు పనిచేసి, తరువాత లండన్‌లో ప్రభుత్వ రోగనిర్ధారణ ప్రయోగశాలలో చేరాడు. సహోద్యోగి విలియం స్కాట్‌తో కలిసి అక్కడే కడదాకా కొనసాగాడు. పరికరాలు అంతంత మాత్రం, నిధులూ అంతే. కిరోసిన్ డబ్బా, స్టవ్వు ఉంటే చాలు, మేడల్లాంటి సంస్థల్లోని వారికన్నా ఈ ఇద్దరూ ఎక్కువ పని చేసి చూపిస్తారని తోటివారు చెప్పుకునేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం మెనింజైటిస్‌ను ఆయన బల్ల మీదికి తెచ్చింది. 1915లో బ్రిటన్‌లోని సైనిక శిబిరాల్లో మెనింగోకాకస్ అనే క్రిమి విజృంభించింది. మంచాన్ని ఆనుకుని మంచం, ఒకరి ఊపిరి ఒకరికి తగిలే బారకాసులు. అంతకు కొన్నేళ్ళ ముందు అమెరికాలో సైమన్ ఫ్లెక్స్‌నర్ గుర్రాల నుంచి తీసిన సీరాన్ని వెన్నులోకి ఎక్కించి, మూడొంతుల రోగులను బలిగొనే జబ్బులో మరణాలను మూడింట ఒక వంతుకు దించాడు. అదే వైద్యం యుద్ధకాలపు బ్రిటన్‌లో నిరాశపరచింది. సీరం తయారీకి వాడిన క్రిములు ఒక రకం, శిబిరాల్లో సైనికులను చంపుతున్నవి మరొక రకం కావడమే అందుకు పెద్ద కారణం. మెర్విన్ గోర్డన్ ఆ క్రిములను నాలుగు రకాలుగా విభజించాడు. గ్రిఫిత్ తన పరీక్షల్లో వాటిని రెండు పెద్ద వర్గాలుగా చూశాడు. లెక్కలో తేడా ఉన్నా ఇద్దరి పనీ ఒకే సంగతిని చెప్పింది: రకం తెలియకుండా వేసే మందు గుడ్డి బాణం. సరిపోయే సీరం తయారయ్యాక ఫలితాలు మెరుగుపడ్డాయి.

యుద్ధం ముగిశాక గ్రిఫిత్ దృష్టి న్యుమోకాకస్ వైపు మళ్ళింది. స్మెథిక్ పట్టణంలో న్యుమోనియా రోగుల గళ్ళను 1920 నుంచి ఏళ్ళ తరబడి పరీక్షించాడు. ఇది విసుగు పుట్టించే పని, గుమాస్తా లెక్కల వంటి పని. అందులోనే రెండు విశేషాలు ఆయనకు కనిపించాయి. ఆ ఊళ్ళో మొదట విరివిగా కనిపించిన రెండవ రకం క్రమంగా తగ్గిపోతోంది, ఇతర రకాలు పెరుగుతున్నాయి. పైగా ఒకే రోగి గళ్ళలో ఒకటికి మించిన రకాలు దొరుకుతున్నాయి. అవి బయట నుంచి విడివిడిగా వచ్చి చేరాయా, లేక లోపలే ఒకటి మరొకటిగా మారిందా?

అప్పటికే, 1923లో, ఈ క్రిమికి రెండు రూపాలున్నాయని ఆయన చూపించాడు. ఒకటి చక్కెర పదార్థంతో చేసిన నున్నని పొర కప్పుకున్నది. మరొకటి పొర పోగొట్టుకుని గరుకుగా కనిపించేది. పొర ఉన్నది చిట్టెలుకను చంపుతుంది, లేనిది చంపదు. కారణం నేడు స్పష్టంగా తెలుసు. శరీరాన్ని కాచే తెల్లకణాలు పొర ఉన్న క్రిమిని పట్టి మింగలేవు. అది రక్తంలో బతికి, పెరిగి, చివరకు మెదడు పొరలను చేరుతుంది. ఆ పొర రసాయన నిర్మాణాన్ని బట్టే రకాలు ఏర్పడ్డాయి, వాటి తీవ్రతలోనూ తేడా వచ్చింది. దట్టమైన పొర గల మూడవ రకం మరణాలు ఎక్కువగా కలిగించే వాటిలో ఒకటిగా నేటికీ పేరుమోసింది.

1928 జనవరిలో వెలువడిన పత్రంలో గ్రిఫిత్ తన విచిత్ర ప్రయోగాన్ని వివరించాడు. రెండవ రకం నుంచి పుట్టిన, పొర లేని బతికున్న క్రిములను తీసుకున్నాడు. వేడితో చంపిన, పొర ఉన్న మూడవ రకం క్రిములను వాటికి కలిపాడు. విడివిడిగా ఇస్తే ఈ రెండింటిలో ఏదీ ప్రాణం తీయదు. కలిపి ఇస్తే చిట్టెలుకలు చనిపోయాయి. వాటి రక్తంలో పొర కప్పుకున్న మూడవ రకం క్రిములు సజీవంగా కనిపించాయి! చచ్చిన దాని నుంచి ఏదో బతికున్న దానికి చేరి, దాని స్వభావాన్నే మార్చివేసింది. ఆ మార్పు దాని సంతతికీ సంక్రమించింది. జాగ్రత్తపరుడైన గ్రిఫిత్ ఆ పదార్థం ఏమిటో తెలుసునని చెప్పలేదు. క్రిముల రకాలు ఎన్నటికీ మారవని నమ్మిన శాస్త్రవేత్తలకు ఇది మింగుడుపడలేదు. న్యూయార్క్‌లోని ఆస్వాల్డ్ ఏవరీ కూడా మొదట సందేహించాడు. తన ప్రయోగశాలలోనే అది రుజువయ్యాక ఒప్పుకోక తప్పలేదు.

గ్రిఫిత్ పెళ్ళి చేసుకోలేదు. సభలంటే బెదురు. 1936లో లండన్‌లో జరిగిన సూక్ష్మజీవశాస్త్ర మహాసభకు మిత్రులు ఆయనను బలవంతంగా టాక్సీ ఎక్కించి తీసుకువెళ్ళారని చెబుతారు. అక్కడ ఆయన చదివింది ఎవరికీ సరిగా వినిపించలేదట. చదివినది ఎలుకల ప్రయోగం గురించి కాదు, గొంతువాపు కలిగించే స్ట్రెప్టోకాకస్ రకాల గురించి. ఆ క్రిములనూ ఆయన వర్గీకరించిపెట్టాడు. తన పని జబ్బుల రకాలను గుర్తించడమేనని ఆయన భావించినట్టుంది. వారసత్వ రహస్యపు తలుపు తట్టానన్న స్పృహ ఆయనకు ఎంత ఉందో ఆయన రాతల్లో కనిపించదు.

స్మెథిక్‌లో ఆయన గమనించిన రకాల తారుమారు టీకాల కాలంలో కొత్త రూపంలో తిరిగి వచ్చింది. 2000లో అమెరికాలో ఏడు రకాలపై టీకా వచ్చాక ఆ ఏడూ తగ్గాయి, కానీ అందులో లేని 19ఎ అనే రకం పెరిగింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ పది రకాలతో తయారుచేసిన టీకాలో ఆ 19ఎకు చోటిచ్చారు. మెనింగోకాకస్ విషయంలోనూ రకమే కీలకం. 1985లోనూ, 2005లోనూ ఢిల్లీని వణికించింది 'ఎ' వర్గం. ఏ రకం తిరుగుతోందో తెలియాలంటే రోగి వెన్నునీటిని పరీక్షించాలి. అంతకుముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి మొలకెత్తదు, రకం తెలియదు. రోగి బతికినా ఆ సమాచారం పోతుంది. ఇరుకు గదుల్లో వంతులవారీగా నిద్రించే మగ్గం కార్మికుల పేటల్లో ఈ సమాచారం మరీ అవసరం. 1917 నాటి బారకాసుల్లో మంచాల మధ్య దూరం పెంచితే గొంతులో క్రిమిని మోసేవారి సంఖ్య తగ్గిందని అప్పటి సైనిక వైద్యులు గమనించారు.

1941 ఏప్రిల్‌లో లండన్‌పై జర్మన్ విమానాలు బాంబులు కురిపించిన రాత్రి గ్రిఫిత్ మరణించాడు. స్కాట్ కూడా అదే దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. చచ్చిన క్రిమి నుంచి బతికిన క్రిమికి చేరిన ఆ పదార్థం డీఎన్ఏ అని ఏవరీ, మెక్లౌడ్, మెకార్టీ 1944 ఫిబ్రవరిలో ప్రకటించేనాటికి గ్రిఫిత్ పోయి మూడేళ్ళు కావస్తోంది.