కంట్లో మూడు దీపాలు

నలభై దాటిందంటే చాలు, పేపరు పట్టుకున్న చెయ్యి కొద్దికొద్దిగా దూరం జరుగుతుంది. సూదిలో దారం ఎక్కించాలంటే పిల్లల్ని పిలవాల్సి వస్తుంది. మనం దాన్ని చత్వారం అంటాం. సంస్కృతంలో నలభైకి ఉన్న చత్వారింశత్ అనే మాట నుంచి వచ్చిందది. బళ్లారి వైపు కన్నడిగులు చాళీసు అంటారు. షోలాపూర్‌లో మరాఠీవాళ్లకు అది చాళిశీ. బరంపురంలో ఒడియావాళ్లకు చాళిశా. అన్నీ నలభై లెక్కే! హోసూరు దాటి తమిళంలోకి వెళితే మాత్రం వెళ్లెళుత్తు. అంటే తెల్ల అక్షరం. అక్షరాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయని కాబోలు.

పేరు ఎప్పుడో పెట్టారు సరే. మరి అసలు కన్ను దూరాన్నీ దగ్గరనీ ఎలా చూస్తుంది? చెట్టు మీది పిట్టను చూసిన కన్నే మరుక్షణం చేతిలోని ఉత్తరాన్ని ఎలా చదువుతుంది? కంటి లోపల ఏం మారుతుంది? ఎంత మారుతుంది? బతికున్న మనిషి కంటిని కొయ్యకుండా, ముట్టుకోకుండా ఆ లెక్క తేల్చిన వారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్. విచిత్రమేమిటంటే ఆయన డాక్టరు కావాలనుకోలేదు. ఇంట్లో డబ్బు లేక అయ్యాడు.

ఫీజు కట్టలేక వైద్యంలోకి..

హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి హైస్కూలు మాస్టారు. చిన్నప్పుడు హెర్మన్ తరచూ జబ్బు పడేవాడు. బట్టీ పట్టడం ఆయనకు పెద్ద గండం. సంబంధం లేని మాటలు గుర్తుండేవి కావు. కుడి ఎడమల దగ్గర కూడా తడబడేవాడు. కానీ లెక్కలూ కాంతి కిరణాలూ అంటే ప్రాణం. క్లాసులో లాటిన్ పాఠం నడుస్తుంటే బల్ల కింద కాగితం పెట్టుకుని దుర్భిణిలో కిరణాలు ఎటు వంగుతాయో గీతలు గీసుకునేవాడు.

ఫిజిక్స్ చదవాలని కోరిక. మాస్టారి జీతంతో అది అయ్యే పని కాదు. బెర్లిన్‌లో సైన్యానికి వైద్యులను తయారుచేసే సంస్థ ఒకటి ఉండేది. అక్కడ చదువు ఉచితం. దానికి బదులుగా చదువయ్యాక కొన్నేళ్లు సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. తండ్రి ఆ దారి చూపించాడు. 1838లో హెర్మన్ అందులో చేరాడు.

చదువు పూర్తి కావస్తుండగా టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. విద్యార్థి కాబట్టి వైద్యం, తిండి అన్నీ ఉచితమే. కోలుకుని లేచేసరికి నెల నెలా వచ్చే చిన్న భత్యం ఖర్చు కాకుండా మిగిలిపోయింది. ఇంకెవరైనా అయితే బట్టలు కుట్టించుకునేవారేమో. హెర్మన్ ఆ డబ్బుతో మైక్రోస్కోపు కొన్నాడు. 1842లో డాక్టరు పట్టా తెచ్చిపెట్టిన నాడీకణాల పరిశోధన దాని సాయంతోనే సాగింది.

ఆ తర్వాత పోట్స్‌డామ్ బారక్‌లలో సైనిక వైద్యుడి ఉద్యోగం. అక్కడే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మార్చుకుంటుందనే సూత్రాన్ని 1847లో బెర్లిన్‌లోని శాస్త్రవేత్తల ముందు లెక్కలతో సహా పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 26 దాటలేదు. పేరున్న ఫిజిక్స్ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. దాన్ని చిన్న పుస్తకంగా వేయించుకోవాల్సి వచ్చింది. నేడు హైస్కూలు పిల్లలు చదువుతున్న పాఠం అదే.

కంటి అడుగు చూసిన తొలి చూపు

1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడా ఊరు రష్యాలో కలినిన్‌గ్రాడ్ పేరుతో ఉంది. ఉద్యోగం రాగానే ఓల్గాను పెళ్లి చేసుకున్నాడు. నాడుల్లో కబురు ఎంత వేగంతో పోతుందో కొలవడం మనిషి తరం కాదని ఆయన గురువు యోహన్నెస్ ముల్లర్ భావించేవాడు. శిష్యుడు కప్ప కాలి నరం మీద ప్రయోగం చేసి, సెకనుకు దాదాపు 27 మీటర్లని తేల్చాడు. ఆ ప్రయోగాలకు లెక్కలు రాసిపెట్టింది ఓల్గాయే.

1850 చివర్లో విద్యార్థులకు పాఠం చెప్పడానికి సిద్ధమవుతున్నాడు. చీకట్లో పిల్లి కళ్లు మెరుస్తాయే, ఆ వెలుగు గురించి. కంట్లోకి వెళ్లిన కాంతి తిరిగి అదే దారిన బయటికొస్తున్నప్పుడు, ఆ దారిలో మన కన్ను పెడితే లోపలంతా కనిపించాలి కదా అనిపించింది. అట్ట, జిగురు, కళ్లద్దాల గాజు, మైక్రోస్కోపు మీద పెట్టే పలచని గాజు బిళ్లలు.. వీటితోనే ఒక పరికరం కట్టాడు. కొన్ని రోజులు కుస్తీ పట్టాక బతికున్న మనిషి కంటి అడుగున ఉన్న రెటీనా, దాని మీది రక్తనాళాలు కనిపించాయి. అదే ఆఫ్తాల్మోస్కోపు. 1851లో దాని వివరాలు అచ్చయ్యాయి. యూరప్ అంతా పేరు మారుమోగింది. సైన్యం ఖర్చుతో అయిష్టంగా చదివిన వైద్యం, బల్ల కింద గీసుకున్న కిరణాలు ఒకచోట కలిసిందక్కడే.

పాత చిక్కుముడి

ఇక మిగిలింది చూపు సర్దుబాటు. దీని మీద వందల ఏళ్లుగా వాదాలున్నాయి. కనుగుడ్డు పొడుగు సాగుతుందని కొందరు. ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, ఉబ్బుతుందని మరికొందరు. లోపలి కటకం ముందుకూ వెనక్కూ జరుగుతుందని ఇంకొందరు.

ఇంగ్లండులో థామస్ యంగ్ అనే వైద్యుడు ఈ వాదాలను 1801లో అచ్చయిన తన వ్యాసంలో ఒక్కొక్కటిగా కొట్టేశాడు. నీళ్లు నింపిన చిన్న గొట్టాన్ని తన కంటికే ఆనించుకున్నాడు. నీళ్లు తగిలితే కార్నియా వంపుకు పని ఉండదు. అయినా దగ్గరా దూరం సర్దుకుంటూనే ఉంది. కాబట్టి కార్నియా కాదు. తాళంచెవి రింగును కనుగుడ్డు వెనక వైపుకు నొక్కిపట్టి చూసుకున్నాడు. గుడ్డు పొడుగూ మారడం లేదు. శుక్లం వల్ల కటకం తీసేయించుకున్న వారిని పరీక్షిస్తే వాళ్లకు ఈ సర్దుబాటే లేదు. అంటే మారేది కటకమే. కానీ అది మారుతుండగా ఎవరూ చూడలేదు. యంగ్ చెప్పింది చాలామంది నమ్మలేదు.

చెంబులో ముఖం, బిందెలో ముఖం

చీకటి గదిలో ఒకరి కంటికి పక్కగా కొవ్వొత్తి పట్టుకుని చూస్తే ఆ కంట్లో మూడు దీపాలు కనిపిస్తాయి. కార్నియా మీద మెరిసేది ఒకటి. కటకం ముందు తలం మీద మసకగా, కాస్త పెద్దగా ఒకటి. కటకం వెనక తలం నుంచి చిన్నగా, తలకిందులుగా ఇంకొకటి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1823లోనే వీటిని వర్ణించాడు.

ఇప్పుడు కీలకం చూడండి. పెద్ద స్టీలు బిందె మీద మన ముఖం కాస్త పెద్దగా, చిన్న చెంబు మీద మరీ చిన్నగా కనిపిస్తుంది. వంపు పెరిగేకొద్దీ ప్రతిబింబం చిన్నదవుతుంది. కంట్లో కూడా అంతే. దూరం చూస్తున్న మనిషిని దగ్గరి వస్తువు చూడమంటే కార్నియా మీది దీపం మారదు. కటకం ముందు తలం మీది దీపం మాత్రం టక్కున చిన్నదవుతుంది. అంటే కటకం ఉబ్బిందన్నమాటే!

మార్పు ఉందని చెప్పడం వేరు, ఎంత మార్పో చెప్పడం వేరు. కన్ను క్షణం కుదురుగా ఉండదు. దాని మీది దీపాన్ని స్కేలు పెట్టి కొలవలేం. హెల్మ్‌హోల్ట్జ్ ఖగోళ శాస్త్రవేత్తల ఉపాయం అరువు తెచ్చుకున్నాడు. నక్షత్రాల మధ్య దూరం కొలవడానికి వాళ్లు ప్రతిబింబాన్ని రెండుగా చీల్చే హీలియోమీటరు వాడేవారు. కోనిగ్స్‌బర్గ్‌లోనే బెసెల్ అలాంటి పరికరంతో 1838లో ఒక నక్షత్రం దూరాన్ని లెక్కకట్టాడు. నక్షత్రం దగ్గర పనిచేసింది కంటి దగ్గర ఎందుకు చేయదు?

దుర్భిణి ముందు పక్కపక్కనే రెండు మందపాటి గాజు పలకలు పెట్టాడు. వాటిని ఎదురెదురు దిశల్లో తిప్పితే ఒక బొమ్మ రెండవుతుంది. ఆ రెండు బొమ్మల అంచులు సరిగ్గా ఆనుకునేదాకా తిప్పి, పలకలు ఎంత కోణం తిరిగాయో చూస్తే బొమ్మ కొలత వచ్చేస్తుంది. కన్ను కదిలినా రెండు బొమ్మలూ కలిసే కదులుతాయి కాబట్టి కొలత చెడదు. దీనికి ఆఫ్తాల్మోమీటరు అని పేరు పెట్టాడు. కటకం మీది దీపం మరీ మసక కావడంతో, కార్నియా మీద పడే మరో ప్రతిబింబంతో దాన్ని సరిపోల్చి లెక్కకట్టాడు.

తేలిన లెక్క ఇదీ. దూరం చూసేటప్పుడు కటకం ముందు తలం వంపు వ్యాసార్ధం దాదాపు 10 మిల్లీమీటర్లు. దగ్గర చూసేటప్పుడు 6. వెనక తలంలో మార్పు స్వల్పం, 6 నుంచి 5.5కు. కటకం మందం 3.6 మిల్లీమీటర్ల నుంచి 4కు పెరుగుతుంది. అంటే కేవలం 0.4 మిల్లీమీటర్లు! ఉత్తరం చదవడానికీ చదవలేకపోవడానికీ మధ్య ఉన్నది ఆ కాస్తే.

ముందు చూసింది ఇంకొకరు

ఇంతలో ఒక సంగతి బయటపడింది. హాలండ్‌లో క్రామర్ అనే యువ వైద్యుడు ఇవే దీపాలను చూసి ఇదే నిర్ణయానికి అప్పటికే వచ్చాడు. హెల్మ్‌హోల్ట్జ్‌కు ఆ విషయం తెలియకుండానే తన పని చేసుకుపోయాడు. తెలిశాక దాచలేదు. ముందు చూసింది క్రామరేనని ఒప్పుకున్నాడు. అప్పటికే పెద్ద పేరున్న ప్రొఫెసరు, దాదాపు తన వయసే ఉన్న కొత్త వైద్యుడికి ఆ మాట ఇవ్వడం చిన్న విషయం కాదు. క్రామర్ 1855లోనే కన్నుమూశాడు. హెల్మ్‌హోల్ట్జ్ పూర్తి వ్యాసం అచ్చయిందీ ఆ ఏడాదే.

ఇద్దరికీ తేడా వచ్చింది ఒక్కచోట. కటకాన్ని ఉబ్బించేది ఐరిస్ నొక్కుడేనని క్రామర్ అనుకున్నాడు. చనిపోయినవారి కంటి నుంచి తీసిన కటకం, బతికున్న మనిషి దూరం చూస్తున్నప్పటి కటకం కన్నా మందంగా ఉండటం హెల్మ్‌హోల్ట్జ్ గమనించాడు. అంటే కటకం సహజంగానే ఉబ్బెత్తుది. దాన్ని చుట్టూ సన్నని తాళ్లు లాగిపట్టి పలచగా ఉంచుతున్నాయి. దగ్గర చూడాలనుకున్నప్పుడు చుట్టూ ఉన్న సీలియరీ కండరం సంచి మూతిలా ముడుచుకుంటుంది. వలయం చిన్నదై తాళ్లు వదులవుతాయి. కటకం తన అసలు ఆకారానికి వచ్చేస్తుంది. కండరం పనిచేస్తేనే కటకానికి సడలింపు. వినడానికి తిరకాసుగా ఉన్నా జరిగేది అదే. తర్వాత గాయం వల్ల ఐరిస్ మొత్తం పోయిన ఒక రోగికి కూడా ఈ సర్దుబాటు ఉన్నట్టు బెర్లిన్ కంటి వైద్యుడు గ్రేఫె చూపించడంతో ఐరిస్ వాదం వీగిపోయింది.

ఇల్లు, చదువు, చివరి రోజులు

కోనిగ్స్‌బర్గ్ చలి ఓల్గా ఆరోగ్యానికి పడలేదు. 1855లో బాన్‌కు, 1858లో హైడెల్‌బర్గ్‌కు మారారు. 1859లో తండ్రి పోయాడు. అదే ఏడాది డిసెంబరులో ఓల్గా కూడా వెళ్లిపోయింది. ఇద్దరు చిన్న పిల్లలు మిగిలారు. 1861లో ఆనాను రెండో పెళ్లి చేసుకున్నాడు. చూపు గురించిన పెద్ద గ్రంథం మూడు భాగాలు 1856 నుంచి 1867 దాకా వెలువడ్డాయి. మధ్యలో 1863లో సంగీత స్వరాల మీద మరో గ్రంథం.

ఎట్టకేలకు 1871లో బెర్లిన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు అయ్యాడు. కుర్రవాడిగా కోరుకున్న కుర్చీ యాభయ్యో ఏట దక్కింది. రేడియో తరంగాలు చూపిన హెర్ట్జ్ ఆయన శిష్యుడే. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన చూసి వస్తూ ఓడ మెట్ల మీద పడి దెబ్బ తిన్నాడు. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1894 సెప్టెంబరు 8న తుదిశ్వాస విడిచాడు.

ఆయన లెక్కకు ఆ తర్వాతా ఎదురువాదాలు లేకపోలేదు. ఎంఆర్ఐ, కాంతితో తీసే స్కానింగులు వచ్చాక చూస్తే స్థూలంగా ఆయన చెప్పిందే నిలిచింది. కటకం వెనక తలం కదలదని ఆయన అనుకున్నాడు, కొద్దిగా వెనక్కి జరుగుతుందని ఇప్పుడు తేలింది. చత్వారానికి ప్రధాన కారణం కటకం వయసుతో గట్టిపడిపోవడమే. డచ్ వైద్యుడు డాండర్స్ 1864లో వేసిన లెక్క ప్రకారం పదేళ్ల పిల్లలు 7 సెంటీమీటర్ల దగ్గర పెట్టినా చదవగలరు. నలభై ఏళ్లకు అది 22 సెంటీమీటర్లకు జరుగుతుంది. తాళ్లు వదులైనా గట్టిపడ్డ కటకం ఉబ్బదు, అంతే.

శుక్లం ఆపరేషనుకు ముందు కార్నియా వంపు కొలిచే కెరటోమీటరుకు మూలం హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోమీటరే. ఆ కొలత చూసే ఎంత పవరున్న కృత్రిమ కటకం పెట్టాలో తేలుస్తారు. ఆపరేషను అయ్యాక పెద్దవాళ్లకు దూరాన వచ్చే బస్సు బోర్డు బాగానే కనిపిస్తుంది. పేపరుకు మాత్రం అద్దాలు అడుగుతారు. డాక్టరు తప్పేం లేదు. మామూలు కృత్రిమ కటకం ఉబ్బదు. ఆ 0.4 మిల్లీమీటర్లు మాత్రం ఇంకా ఎవరూ పూర్తిగా తిరిగి ఇవ్వలేకపోయారు.