అల్లాడి వారి వాదన

ఎల్బీ నగర్‌లో ఓటు వరుసలో నిలబడే మన ఇళ్లవారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు ఎందరికి తెలుసు? 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పురోహితుని ఇంట పుట్టారు. వకాలతులో పేరు గడించి, 1929 నుండి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు. తర్వాత రాజ్యాంగ సభ, అందులో ముసాయిదా సంఘం. చదువురాని వారికీ ఓటుండాలన్న పక్షమే ఆయనది.

అయితే మేము ఆయనను తలచుకొనేది 1949 ఆగస్టు చర్చ వల్ల. విభజన గాయం అప్పటికి పచ్చిగానే ఉంది. పాకిస్తాన్ వెళ్లి, పర్మిట్‌పై తిరిగివచ్చిన ముస్లిములకు పౌరసత్వం ఇవ్వరాదని కొందరు సభ్యులు పట్టుబట్టారు. అల్లాడి వారు ముసాయిదా పక్షాన నిలిచారు. కోరి పరదేశాన్ని ఎంచుకున్నవారి సంగతి వేరు గాని, మతాన్ని బట్టి మనిషికీ మనిషికీ తేడా చూపరాదని వాదించారు. ఆయన 1953లో కన్నుమూశారు. తిరిగివచ్చినవారికి దారి విడిచిన ఆ నిబంధన ఏడవ అధికరణంలో నేటికీ ఉంది.